నా రక్తంలోని కుంటి వైరస్

2004లో నా చేతికొచ్చిన ఒక ల్యాబ్ రిపోర్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మడతల దగ్గర చిరుగుతోందని అక్క దానికి లామినేషన్ చేయించింది. అందులో హెచ్ఐవీకి నేను వాడుతున్న మందుల పేర్లు వరసగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన ఒక నల్లటి గీత. గీత ఎంత పొడుగుంటే ఆ మందు నా మీద అంత పనిచేయడం లేదన్నమాట. అన్నిటికన్నా కింద చిన్న గడిలో ఒక అంకె ఉంది: 22 శాతం. దాని పక్కన ‘రెప్లికేషన్ కెపాసిటీ’ అని రాసుంటుంది. వైరస్ తన నకళ్లను తానే తయారు చేసుకునే సామర్థ్యం అని అర్థం. ఆ రోజు నా కళ్లు పై గీతల మీదే ఉండిపోయాయి. కింది అంకె సంగతి పట్టించుకుని ఉంటే 2005లో చేసిన పని చేసి ఉండేవాణ్ని కాదు.

మందులు వేసుకుంటున్నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే అంకె, పూర్తిగా దిగడం లేదని విసిగిపోయినవాళ్లు, ‘ఇక వేసుకుని ఏం లాభం’ అని లోలోపల అనుకుంటున్నవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నాకు హెచ్ఐవీ ఉందని 1998లో తెలిసింది. అప్పటికి సీడీ4 కణాలు (హెచ్ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) 212, వైరల్ లోడ్ మిల్లీలీటరుకు లక్షా 80 వేలు. ఎప్పుడు సోకిందో ఎంత లెక్క వేసుకున్నా తేలలేదు. వెంటనే మందులు మొదలుపెట్టారు: జిడోవుడిన్, లామివుడిన్, ఇండినావిర్. ఇప్పుడు రోజుకు ఒక్క మాత్రతో సరిపెట్టుకుంటున్నవాళ్లకు ఆ ఇండినావిర్ ఎలాంటిదో ఊహించుకోవడం కష్టం. సరిగ్గా 8 గంటలకోసారి, ఖాళీ కడుపుతో వేసుకోవాలి. కిడ్నీలో రాళ్లు పడకుండా రోజూ కనీసం లీటరున్నర నీళ్లు తాగాలి. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి అలారం పెట్టుకునేవాణ్ని. మొదటి ఆరు నెలలు ఒక్క డోసు కూడా తప్పలేదు. వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా తగ్గింది. ఆ తర్వాత మధ్యాహ్నం డోసు తప్పడం మొదలైంది. ఆఫీసులో అందరి ముందూ మాత్రలు తీయలేక, తిన్న వెంటనే వేసుకోకూడదని గుర్తొచ్చి, సాయంత్రానికి వాయిదా వేసేవాణ్ని. సాయంత్రం వచ్చేసరికి రాత్రి డోసు దగ్గరపడేది.

ఈ వైరస్‌కు అలాంటి సందు చాలు. మందు లేని శరీరంలో అది రోజుకు దాదాపు వెయ్యి కోట్ల కొత్త వైరస్ కణాలను పుట్టిస్తుందని 1990ల నడుమే లెక్కకట్టారు. దాని జన్యువు పొడవు 10 వేల అక్షరాల లోపే, కానీ రాసేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. కొన్ని నకళ్లు రాసేసరికి ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌కే చేటు. ఎప్పుడో ఒకటి మాత్రం మందును తప్పించుకునేలా ఉంటుంది. రక్తంలో మందు నిండుగా ఉంటే కొత్త నకళ్లే పుట్టవు, తప్పు జరిగే అవకాశమే ఉండదు. మందు సగం సగంగా ఉన్న గంటల్లోనే ఆ తప్పు వైరస్‌కు కలిసొస్తుంది.

2000 నుంచి 2003 దాకా జరిగింది క్లుప్తంగా చెప్తాను. వైరల్ లోడ్ మళ్లీ కనిపించింది, మందులు మార్చారు. కొన్నాళ్లు దిగింది, మళ్లీ లేచింది, ఇంకోసారి మార్చారు. స్టావుడిన్ నా బుగ్గల్లోని కొవ్వంతా కరిగించేసింది. లోపినావిర్ వల్ల విరేచనాలు. 2003 చివరికి అప్పట్లో ఉన్న మందుల్లో నాకు పనిచేసేవి దాదాపు మిగల్లేదు. వైరల్ లోడ్ 6 వేలు, 7 వేలు, ఒకసారి 8 వేలు. అంతకు మించి పెరగదు, తగ్గదు. సీడీ4 మాత్రం 340, 355, 350... ఎక్కడిదక్కడే ఉంది.

ఆ రెండో వరసను నేను చూడాల్సినట్టు చూడలేదు. నాకు కనిపించిందల్లా వైరల్ లోడ్ సున్నా కాలేదనే. మందు ఓడిపోయింది, నేనూ ఓడిపోయాను అనుకున్నాను. డాక్టర్ గారు మాత్రం ప్రతిసారీ రెండు అంకెలనూ పక్కపక్కన రాసేవారు. ‘మందులే లేకపోతే మీ వైరల్ లోడ్ ఎంత ఉండేదో 1998 కాగితంలో ఉంది. ఇప్పుడు అందులో పదో వంతు కూడా లేదు. సీడీ4 నిలబడింది. దీనికేదో కారణం ఉంది, తెలుసుకుందాం’ అని రక్తం ఇంకో ల్యాబ్‌కు పంపించారు.

ఆ ల్యాబ్ పని ఎలా జరుగుతుందో ఆవిడ చెప్పినప్పుడు నాకు కాసేపు జబ్బు సంగతే గుర్తులేదు. నా రక్తంలోని వైరస్ నుంచి కొంత జన్యు భాగాన్ని తీస్తారట. మందులు దెబ్బకొట్టేది ఆ భాగం తయారుచేసే ఎంజైములనే. దాన్ని ల్యాబ్‌లోని ఒక పరీక్ష వైరస్‌లో అతికిస్తారు. ఆ పరీక్ష వైరస్‌లో మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే ఎంజైము జన్యువు ముందే పెట్టి ఉంటుంది. దాన్ని కణాల మీదికి ఒక్కసారి వదులుతారు. వైరస్ ఎన్ని కణాల్లోకి దూరి పని చేసుకోగలిగితే అంత వెలుగు. మందులు కలిపినప్పుడు వెలుగు ఎంత తగ్గుతుందో చూస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. మందులేమీ కలపకుండా వచ్చే వెలుగును మామూలు వైరస్ వెలుగుతో పోల్చితే దాని సొంత బలం తెలుస్తుంది. మామూలు వైరస్‌ది వంద అనుకుంటే నాది 22.

‘మీ రక్తంలో ఉన్నది కుంటి వైరస్’ అన్నారు డాక్టర్ గారు. ఆ మాట అప్పట్నుంచీ నాతోనే ఉంది. తర్వాత తన ప్రిస్క్రిప్షన్ కాగితం తిరగేసి ఒక కత్తెర బొమ్మ గీశారు. వైరస్ తన ప్రొటీన్లను ముందు ఒకే పొడుగాటి గొలుసుగా తయారు చేసుకుంటుంది. ప్రొటియేజ్ అనే ఎంజైము కత్తెరలా ఆ గొలుసును సరైన చోట్ల కత్తిరిస్తేనే కొత్త వైరస్ పనికొస్తుంది. ఇండినావిర్, లోపినావిర్ లాంటివి ఆ కత్తెర నోట్లో అడ్డం పడతాయి. తప్పించుకోవడానికి వైరస్ కత్తెర నోటి ఆకారాన్నే మార్చుకుంది. ఇప్పుడు మందు అందులో ఇమడదు. అదే మార్పు వల్ల కత్తెర కూడా మొండిబారింది. గొలుసులు సరిగా తెగవు, పుట్టే వైరస్‌లలో చాలావరకు పనికిరానివే. ‘గోడ దూకేటప్పుడు కాలు విరగ్గొట్టుకున్న దొంగ అనుకోండి’ అన్నారు. ‘లోపలికైతే వచ్చాడు, పరిగెత్తలేడు.’

రిపోర్టులో ఇంకో మార్పు ఉంది, ఎం184వి. వైరస్ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరగరాసే ఎంజైములో 184వ స్థానంలో మెథియోనిన్ ఉండాల్సిన చోట వేలిన్ వచ్చి కూర్చుంది. ఆ ఒక్క మార్పుతో లామివుడిన్ వైరస్‌ను ఆపలేకపోతుంది. మరి పనిచేయని మందును ఎందుకు ఆపడం లేదని అడిగాను. అది వేసుకుంటున్నంత కాలం ఆ మార్పును వదులుకునే వీలు వైరస్‌కు ఉండదట. ఆ మార్పు ఉన్నంత కాలం దాని చెయ్యి నెమ్మదిగా ఆడుతుంది, పైగా జిడోవుడిన్, టెనోఫోవిర్ లాంటి మందులకు ఇంకాస్త లొంగుతుంది. పనిచేయనట్టు కనిపించే మందు చేస్తున్న పని అదన్నమాట.

అన్నీ విన్నాను, తల ఊపాను. ఆవిడ హెచ్చరికలూ చెప్పారు. ఆ పరీక్షలో చూసేది వైరస్‌లో ఒక ముక్కనే, ఒక్క విడత పనినే, కాబట్టి 22 అనే అంకెను రాతిమీద రాతలా తీసుకోవద్దన్నారు. మందులే ఎరగని వైరస్‌లలో కూడా ఆ అంకె మనిషికీ మనిషికీ బాగా తేడా ఉంటుందన్నారు. కుంటి వైరస్ ఎల్లకాలం కుంటుతూ ఉండదు, కొత్త మార్పులతో ఊతకర్రలు సంపాదించుకుంటుంది, గొలుసులో తెగాల్సిన చోట్లు కూడా మొండి కత్తెరకు తగ్గట్టు మారిపోతాయి అన్నారు. ‘మనం కాలం కొనుక్కుంటున్నాం. కొత్త మందులు వస్తున్నాయి. అప్పటిదాకా దీన్ని ఇలా కుంటుతూ ఉండనిద్దాం’ అన్నది ఆవిడ ఆలోచన.

ఇంటికొచ్చాక నా మనసులో మిగిలింది మాత్రం ఒక్కటే ముక్క: మందులన్నిటికీ రెసిస్టెన్స్ వచ్చేసింది, అంటే వైరస్ వాటికి లొంగడం లేదు.

2005 వేసవిలో ఒక ఉదయం, విరేచనాలతో రెండుసార్లు బాత్రూంకు వెళ్లొచ్చి, అద్దంలో గుంటలు పడిన నా బుగ్గలు చూసుకుని, ఆ రోజు మాత్రలు వేసుకోలేదు. మర్నాడూ వేసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వద్దంటారని తెలుసు. ఎలాగూ పనిచేయని మందులు, ఆపితే పోయేదేముంది అన్నదే నా లెక్క.

మొదటి నాలుగు వారాలూ చాలా బాగున్నాయి. అది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే మనిషి మోసపోయేది అక్కడే. కడుపు కుదుటపడింది, ఆకలి వేసింది, రాత్రంతా నిద్ర పట్టింది. ఒంట్లో బరువేదో దిగినట్టు అనిపించింది. నేను చేసింది మంచిపనే అని నమ్మకం కుదిరింది. ఆరో వారంలో మెడ దగ్గర బిళ్లలు కట్టాయి. జలుబేమో అనుకున్నాను. పన్నెండో వారంలో ఎడమవైపు పక్కటెముకల కింద మంట మొదలైంది, రెండు రోజులకు అక్కడే బెల్టులాగా బొబ్బలు లేచాయి. సర్పి. చొక్కా తగిలినా ప్రాణం పోయినట్టుండేది. అక్క మందు రాస్తానని వచ్చింది, నా మాత్రల డబ్బా కోసం సొరుగు లాగింది. వారం రోజుల గడుల డబ్బాలో ఏ గడీ ఖాళీగా లేదు. దాని వెనక సీలు కూడా తీయని సీసాలు మూడు. వాటిని ఒక్కొక్కటిగా తీసి మంచం మీద పెట్టింది. ‘ఎన్నాళ్లయింది రా?’ అని మాత్రం అడిగింది. మూడు నెలలన్నాను. ఇంకేమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే క్లినిక్‌కు తీసుకెళ్లింది.

వైరల్ లోడ్ 2 లక్షల 40 వేలు. సీడీ4 186. మూడేళ్లుగా 350 దగ్గర కదలకుండా ఉన్న అంకె మూడు నెలల్లో సగానికి పడిపోయింది. నోట్లో తెల్లటి పూత కూడా ఉందని అప్పుడే చూశారు. న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ మొదలుపెట్టారు.

కొత్త రెసిస్టెన్స్ రిపోర్టు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నల్లటి గీతలు దాదాపు లేవు. లామివుడిన్ పనిచేస్తుంది, జిడోవుడిన్ పనిచేస్తుంది, చివరికి ఇండినావిర్ కూడా. కింది గడిలో 97 శాతం. నాకు ఒక్కసారిగా సంతోషం పొంగింది. ‘అంటే అన్ని మందులూ మళ్లీ పనికొస్తాయా?’ అని అడిగాను. డాక్టర్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కుని కాగితం తీసుకున్నారు.

ముందు ఒక ముక్క చెప్పారు. నా ఒంట్లో ఇప్పటిదాకా తిరిగిన ప్రతి రకం వైరస్ ఏదో ఒక మూల దాక్కునే ఉంది. మెమరీ సీడీ4 కణాలనేవి ఏళ్ల తరబడి నిద్రపోయే కణాలు. వాటి డీఎన్ఏలోనే వైరస్ తన జన్యువును రాసిపెడుతుంది. మందులతో వైరల్ లోడ్ కనపడనంతగా దిగినవాళ్లలో కూడా ఆ నిల్వ ఉంటుందని 1997లో తేలింది. అది సగానికి తగ్గడానికే మూడున్నర ఏళ్లకు పైగా పడుతుంది. 1998 నాటి బలమైన వైరస్ నాలో అలా నిద్రపోతూనే ఉంది. మందులున్నంత కాలం అది లేచినా బతకలేదు, ఎందుకంటే మందులు దాన్ని చంపగలవు. కుంటిది మాత్రం మందుల మధ్య బతకగలదు. మందులు తీసేసిన రోజు ఆ తేడా పోయింది. మిగిలింది పరుగు పందెం.

‘లెక్క చూడండి’ అని రాయడం మొదలుపెట్టారు. హెచ్ఐవీకి ఒక తరం దాదాపు రెండు రోజులు. ఒక్కో తరంలో కుంటి వైరస్ ఒకటికి ఒకటిగా మిగిలితే, బలమైనది ఒకటికి రెండుగా పెరుగుతుందనుకుందాం. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... ఆవిడ రాస్తూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను. పదో తరానికి 1,024. ఇరవయ్యో తరానికి 10 లక్షలు దాటింది. అంటే 40 రోజులు. నా మెడ దగ్గర బిళ్లలు కట్టిన వారం సరిగ్గా అదే. ఒంట్లో ఇది నిజంగా అంత నున్నగా జరగదని ఆవిడే అన్నారు. కానీ 22కీ 97కీ మధ్య ఏముందో నాకు అర్థమైంది ఆ కాగితం మీదే.

నల్ల గీతలు మాయమైనంత మాత్రాన కుంటి వైరస్ పోలేదు. పందెంలో వెనకబడి అది కూడా నిల్వలోకి వెళ్లింది. అప్పటి పరీక్షకు రక్తంలో ఎక్కువగా ఉన్న రకమే కనిపిస్తుంది. మందులు మళ్లీ మొదలుపెడితే బలమైనది చస్తుంది, కుంటిది లేస్తుంది. అచ్చంగా అలాగే జరిగింది. పాత మందులే తిరిగి మొదలుపెట్టాం. రెండు నెలల్లో వైరల్ లోడ్ వెయ్యి లోపుకు దిగింది, ఆరో నెలకు మళ్లీ 7 వేలు, మళ్లీ అవే నల్ల గీతలు. సీడీ4 మాత్రం వెనక్కి రావడానికి మొరాయించింది. 2007 చివరికి కూడా 260 దాటలేదు. మూడు నెలల్లో పోయినవి రెండేళ్లయినా రాలేదు.

తర్వాతి రోజుల్లో దొరికిందల్లా చదివాను. నాకు జరిగింది కొత్త సంగతేమీ కాదని తెలిసింది. శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు 2001లోనే ఒక అధ్యయనం ప్రచురించారు. నాలాగే వైరల్ లోడ్ పూర్తిగా దిగని కొందరు మందులు ఆపారు, కొందరు కొనసాగించారు. ఆపినవాళ్లలో వారాల వ్యవధిలో పాత బలమైన వైరస్ తిరిగొచ్చింది, వైరల్ లోడ్ పెరిగింది, సీడీ4 పడింది. అదే ఏడాది ఇంకో బృందం, ప్రొటియేజ్ మందులకు రెసిస్టెన్స్ వచ్చిన వైరస్ థైమస్ కణజాలంలో సరిగా పెరగలేదని చూపించింది. సీడీ4 లాంటి కొత్త టీ కణాలు తయారయ్యేది థైమస్ అనే ఆ గ్రంథిలోనే. వైరల్ లోడ్ 7 వేలున్నా నా సీడీ4 ఎందుకు నిలబడిందో అది చదివాక కొంత అర్థమైంది. 2006లో ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనంలో, ఎం184వి ఉన్నవాళ్లలో కొందరికి అన్నీ ఆపి ఒక్క లామివుడిన్ మాత్రమే ఇచ్చారు. ఏ మందూ లేనివాళ్ల కంటే వాళ్లకు జరిగిన నష్టం తక్కువ. అదే ఏడాది స్మార్ట్ అనే పెద్ద అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 5,472 మంది మీద చేసిన ఆ అధ్యయనంలో, సీడీ4 చూసుకుంటూ మందులు ఆపి ఆపి వాడినవాళ్లకు జబ్బులూ మరణాలూ ఎక్కువయ్యాయి.

ఒకటి గట్టిగా చెప్పాలి. అప్పుడు నాకు వేరే దారి లేక అరకొరగా పనిచేసే మందుల మీద ఉంచారు. ఈ రోజుల్లో వైరల్ లోడ్ వేలల్లో ఉంటే అలా ఉంచేయడం సరికాదు. కుంటుతున్నా సరే పెరిగే వైరస్ ప్రతి నెలా కొత్త మార్పులు కూడగట్టుకుంటుంది. ఇప్పుడు మంచి మందులున్నాయి. డోసులు తప్పుతున్నాయా అన్నది ముందు చూసి, రెసిస్టెన్స్ పరీక్ష చేసి, మందులు మార్చాలి. నేను చెప్పేది, మార్చేదాకా ఉన్నవాటిని మనంతట మనం ఆపొద్దని.

నా విషయంలో ఆ మార్పు 2008లో వచ్చింది. డారునావిర్, రాల్టెగ్రావిర్, ఎట్రావిరిన్, మూడూ అప్పటికి కొత్తవే. రాల్టెగ్రావిర్ దెబ్బకొట్టేది వైరస్ తన డీఎన్ఏను మన డీఎన్ఏలో అతికించే ఎంజైమును. నా వైరస్‌కు దాని రుచే తెలియదు. ఎనిమిది వారాలకు వైరల్ లోడ్ 50 లోపుకు వెళ్లింది. పదేళ్లలో అది రెండోసారి చూడటం. అక్క ఫోన్లో ఆ అంకెను నా చేత మూడుసార్లు చెప్పించుకుంది.

మా సపోర్ట్ గ్రూపులో ఇద్దరి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. ఒకామె 11 ఏళ్లు ఏ మందూ లేకుండా సీడీ4 ఐదారొందలతో ఉండేది. ఇంకొకతనికి సోకిన మూడేళ్లకే ఎయిడ్స్ దశ వచ్చింది. అతను ఎప్పుడూ తన అలవాట్లను తిట్టుకునేవాడు. ఏదో తప్పు చేశాను కాబట్టే ఇంత త్వరగా ముదిరింది అనేవాడు. వాళ్లిద్దరిలో ఏది ఎందుకు జరిగిందో నేను చెప్పలేను. కానీ అంత తేడాకు వైరస్ వైపు నుంచి కూడా కారణాలుంటాయని అతనికి చెప్పాలని ఎప్పుడూ అనిపించేది. నాకు ఆ మాట తెలిసేసరికి అతను లేడు.

ఆస్ట్రేలియాలో 1980ల మొదట్లో ఒకే రక్తదాత నుంచి ఎనిమిది మందికి హెచ్ఐవీ సోకింది. వాళ్లలో జబ్బు ఏళ్ల తరబడి ముందుకు సాగలేదు. కారణం 1995లో బయటపడింది: ఆ వైరస్‌లో నెఫ్ అనే జన్యువులో ఒక ముక్క లేదు. ఆ ముక్క లేని వైరస్ నీరసంగా పెరిగింది. అలాంటిది కూడా పూర్తిగా నిరపాయం కాలేదు. పదిహేనేళ్లు దాటాక కొందరి సీడీ4 దిగడం మొదలైంది.

కొన్నిసార్లు వైరస్‌ను కుంటిదాన్ని చేసేది మన శరీరమే. హెచ్ఎల్ఏ-బి57 అనే జన్యు రకం ఉన్నవాళ్లలో రోగనిరోధక కణాలు వైరస్ లోపలి తొడుగు ప్రొటీన్లో ఒక కీలకమైన చోట పట్టుకుంటాయి. ఆ పట్టు విడిపించుకోవడానికి వైరస్ అక్కడ మారాలి. మారితే తొడుగు బలహీనపడి పెరుగుదల తగ్గుతుంది. అంటే మందులు నాలో చేసిన పని వాళ్లలో సొంత శరీరమే చేస్తుంది. అలా కుంటిదైన వైరస్ బి57 లేని మనిషికి సోకితే, కాలక్రమంలో ఆ మార్పును విడిచిపెట్టి మళ్లీ పాత ఆకారానికి వస్తుంది.

జాంబియాలో దంపతుల్లో ఒకరి నుంచి ఒకరికి సోకిన సందర్భాలను ఏళ్ల తరబడి పరిశీలించినవాళ్లు ఇంకో ముఖ్యమైన సంగతి చూశారు. సోకిన వైరస్ ఎంత వేగంగా పెరగగలదో ల్యాబ్‌లో కొలిచి, ఆ మనిషి సీడీ4 ఎలా పడిందో పక్కన పెట్టి చూశారు. 2015లో ప్రచురించిన ఫలితం ప్రకారం వేగంగా పెరిగే వైరస్ సోకినవాళ్లలో తొలి వారాల్లోనే రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా ఉద్రేకపడింది, మెమరీ సీడీ4 కణాల్లోకి వైరస్ ఎక్కువగా చేరింది, సీడీ4 త్వరగా పడింది. వైరల్ లోడ్‌లో తేడాను పక్కనపెట్టి చూసినా ఆ సంబంధం నిలబడింది. రెండు అంకెలనూ పక్కపక్కన రాసే మా డాక్టర్ గారి అలవాటు నాకు అది చదువుతుంటే గుర్తొచ్చింది. రక్తంలో వైరస్ ఎంతుందో ఒక్కటే చూస్తే అది లోపల చేస్తున్న పనంతా కనపడదు.

2022లో నెదర్లాండ్స్‌లో గుర్తించిన విబి రకం గురించి చదివినప్పుడు మాత్రం మా గ్రూపులోని ఆ మిత్రుడి కోసం చాలాసేపు బాధపడ్డాను. ఆ రకం సోకినవాళ్లలో వైరల్ లోడ్ మిగతావాళ్ల కంటే మూడున్నర నుంచి ఐదున్నర రెట్లు ఎక్కువ, సీడీ4 పడే వేగం రెట్టింపు. అయినా చికిత్స మొదలైన తర్వాత వాళ్లూ మిగతావాళ్లలాగే కోలుకున్నారు. ఏ అలవాటునూ తిట్టుకోనక్కర్లేదు అని అతనికి చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి.

నా పాత డాక్టర్ గారు 2020లో రిటైరయ్యారు. కొత్తగా వచ్చినావిడ చిన్నావిడ, చాలా ఓపికగా మాట్లాడతారు. మొదటి అపాయింట్‌మెంట్‌లో కంప్యూటర్‌లో నా ఫైలు చూసి సంతోషంగా అన్నారు: ‘పన్నెండేళ్లుగా వైరల్ లోడ్ కనపడటం లేదు, సీడీ4 540. రెసిస్టెన్స్ కూడా ఏమీ లేదు. ఇన్ని మాత్రలు అవసరం లేదండీ. డోలుటెగ్రావిర్, లామివుడిన్ కలిసిన ఒక్క మాత్రకు మార్చేద్దాం.’ నేను లేచి వెళ్లి స్క్రీన్ చూశాను. అందులో ఎక్కించింది 2005 రిపోర్టు ఒక్కటే. మందులు లేని ఆ మూడు నెలల చివర తీసిన రక్తం, గీతలు లేని రిపోర్టు.

బ్యాగులోంచి లామినేషన్ కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని దీపం కిందికి పట్టుకుని పై నుంచి చదువుకుంటూ వచ్చారు. ఎం184వి దగ్గర వేలు ఆగింది. మళ్లీ తేదీ చూశారు, స్క్రీన్ మీద తేదీ చూశారు. ‘ఇది ఇంకా మీ లోపల నిల్వలో ఉండి ఉంటుంది’ అన్నారు. కొత్త ప్రిస్క్రిప్షన్ కొట్టేసి, పాత మందులే మళ్లీ రాసి, కాగితాన్ని రెండు వైపులా స్కాన్ చేయించి నా ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టించారు.